పది బై పది గదికి ఒక ఊఫర్

కొట్టువాళ్ల ఇంట్లో పుట్టినవాడు ఇంకో కొట్టుకి వెళ్లినప్పుడు తనకేం కావాలో చెప్పడు. ఇది మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. గాజువాక పాత మార్కెట్లో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. దాని పక్కన మేనమామ బట్టల కొట్టు, ఎదురుగా పెదనాన్న ఫ్యాన్సీ కొట్టు. ఆ మూడు గల్లాపెట్టెల మధ్య పెరిగాను. బిందె కావలసినవాళ్లు ముందు గిన్నె ధర అడుగుతారనీ, "ఊరికే చూద్దామని వచ్చాం" అన్నవాళ్ల ఇంట్లో పెళ్లి దగ్గర పడిందనీ, సరుకుని చిరాగ్గా పక్కకి తోసినవాళ్లు చివరికి దాన్నే పట్టుకెళ్తారనీ నాకు పదేళ్లకే తెలుసు. కొనేవాడి ముఖంలో అవసరం కనపడిందంటే ధర దిగదు. అందుకే మా వాళ్లెవరూ అవసరాన్ని ముఖం దాకా రానివ్వరు.

నాకు యాభై దాటింది. ఇప్పటికీ నా ముఖం చూసి నాకేం కావాలో ఎవరూ చెప్పలేరు. దానివల్ల చాలాచోట్ల లాభపడ్డాను. నష్టపోయింది ఒక్కచోటే.

నా భార్య నన్ను వదిలి వెళ్లి ఏడాదిన్నర అయింది. విజయనగరంలో వాళ్లక్క దగ్గర ఉంటోంది. మాకు పిల్లలు లేరు. ఆమె వెళ్లిపోయిందన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే వాళ్లక్కకి ఒంట్లో బాగోలేదనీ, చూసుకోవడానికి వెళ్లిందనీ అనేవాణ్ణి. ఆ మహాతల్లి దుక్కలా ఉంటుంది. ఏడాదిన్నర పాటు ఆవిణ్ణి మంచాన పడేసింది నేనే.

ఇప్పుడు నేను ఉండేది కూర్మన్నపాలెంలో, జంక్షన్‌కి కాస్త లోపలగా, ఒక మేడ మీద పది బై పది గదిలో. వెనక చిన్న వంటగట్టు, బాత్రూము. స్టీల్ ప్లాంటులో పనులు చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర నాది సామాన్లు కొనే ఉద్యోగం. బోల్టులు, గ్లవ్సులు, రబ్బరు షీట్లు, చీపుర్లు. రోజంతా ఎవరో ఒకరితో బేరమాడుతూనే ఉంటాను. సాయంత్రం ఆరున్నరకి గది తలుపు తీస్తే బేరమాడటానికి ఎవరూ ఉండరు.

ఇంటావిడ కింద వాటాలో ఉంటుంది. అరవై దాటినావిడ. గది చూపించిన రోజే ఆవిడ ఒక మాట స్పష్టంగా చెప్పింది.

"ఫేమిలీకే ఇస్తాం బాబూ. ఒంటి మగోళ్లకి ఇవ్వం. ఒకపాలి ఇచ్చి పడ్డాం."

"ఫేమిలీయేనమ్మా. మా ఆవిడ వాళ్లక్క దగ్గరికెల్లింది. వచ్చే నెల వచ్చీస్తాది," అన్నాను.

ఆ వచ్చే నెల ఎంతకీ రాలేదు.

గదిలో చప్పుళ్లు లేవని కాదు. ఫ్యాను తిరుగుతుంది, హైవే మీద లారీలు పోతాయి, ప్లాంటు సైరను వినిపిస్తుంది, కింద ఇంటావిడ కుక్కరు కూస్తుంది. అందులో ఏదీ నాకోసం చేసే చప్పుడు కాదు. పాటలు పెట్టుకోవాలంటే ఫోన్‌ని స్టీలు గ్లాసులో పెట్టేవాణ్ణి. గ్లాసులో పెడితే శబ్దం పెరుగుతుంది. స్టీలు కొట్టువాడి కొడుకుని కదా, గ్లాసు కూడా మందం చూసి, వేలితో కొట్టి చూసి మరీ ఎంచుకున్నాను. అయినా గ్లాసులోంచి వచ్చే గొంతు ఎంత గొప్పవాడిదైనా జలుబు చేసినట్టే ఉంటుంది. ఒక సాయంత్రం అన్నం తింటూ వింటుంటే, ఇలా చీమంత గొంతు కాదు, మనిషంత గొంతు కావాలనిపించింది. పక్కన ఒకరు ఉండి పాడుకుంటే ఎంత వినిపిస్తుందో అంత.

అలా స్పీకర్లు కొనాలనుకున్నాను. అనుకున్నాక నెల రోజులు కొనలేదు, ఆరా తీశాను. ఫోన్లో వీడియోలు చూశాను, ప్లాంటులో తెలిసినవాళ్లని అడిగాను, కొట్లలో దూరి పెట్టెలు ఎత్తి బరువు చూశాను. వాటి మీద రాసిన వాట్లు నమ్మితే ప్లాంటులో ఫర్నేసు కూడా నడిపేయొచ్చు. మా మేనమామ బట్టలు కొలిచే కర్ర ఎంత పొట్టిదో తెలిసినవాణ్ణి, ఆ అంకెల సంగతి నాకు కొత్త కాదు. బరువు అబద్ధం చెప్పదు. ప్లాస్టిక్ పెట్టె వేలితో కొడితే డొల్లగా పలుకుతుంది, చెక్కపెట్టె ముక్తసరిగా పలుకుతుంది. నెలాఖరుకి నా లెక్క తేలింది. పది అడుగుల గదికి, గోడకి ఆరడుగుల దూరంలో కూర్చునే మనిషికి, రెండు చిన్న చెక్క స్పీకర్లు, కింద బరువైన మోతకి ఒక చిన్న ఊఫర్. అంతకు మించి కొన్నవాడు మోసపోయినట్టే. ఇంత తెలిసీ మోసపోయాను.

దానికి కారణం ఉంది. బేరానికి ఇద్దరు కావాలి. ఒకరు అడగాలి, ఒకరు వద్దనాలి. ఇరవై రెండేళ్లు ఆ వద్దనే పని నా భార్యది. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడేది. నేనూ కొట్టువాడూ ఒక అంకె దగ్గర కదలకుండా నిలిచిపోయినప్పుడు, "పదండి, మనకెందుకివన్నీ," అనేది. ఆ మాట ఎప్పుడు అనాలో ఆమెకి తెలిసినంత బాగా మా నాన్నకి కూడా తెలియదు. పెళ్లయిన కొత్తలో కొట్టు దిగి మలుపు తిరిగాక ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆమె నవ్వడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

ఒక ఆదివారం వాళ్లక్కా బావా భోజనానికి వస్తున్నారని చేప కోసం జాలరిపేట వెళ్లాం. పడవలు అప్పుడే ఒడ్డుకొచ్చాయి. ఆమె ఒక వంజరాన్ని చూసీ చూడగానే, "ఇది బాగుంది," అంది. పైకే అంది, అమ్మే ఆవిడ ఎదురుగానే. నాకు ఒళ్లు మండింది. ఆ మాటని వెనక్కి లాగడానికి చేప కన్ను ఎర్రబడిందన్నాను, మొప్ప రంగు మారిందన్నాను, నిన్నటి సరుకన్నాను.

చేపలావిడ నాకేసి చూడను కూడా లేదు. నా భార్యతో అంది, "ఏటమ్మా, ఈయనతో ఎలా ఏగుతన్నావు? ఇంట్లో అన్నం ముద్దకి కూడా రేటు కడతాడేటి?"

"కడతాడు," అంది నా భార్య.

"సేప కన్ను సూత్తన్నాడు గానీ, నీ కన్ను ఎప్పుడైనా సూసాడా?"

చుట్టూ బుట్టల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, బేరంలో అదీ ఒక ఎత్తు. ఈలోగా ఇంకెవరో అడిగిన ధర ఇచ్చి ఆ వంజరాన్ని పట్టుకుపోయారు. మేం చవకరకం చేపలు, కవళ్లు, కొనుక్కుని బస్సెక్కాం. దారిలో ఆమె ఒక్క మాటే అంది.

"నాకు నచ్చిందని సెప్పకూడదా?"

నేను కండక్టరిచ్చిన చిల్లర లెక్కపెట్టుకున్నాను. చెప్పకూడదు.

మా మార్కెట్లో ఒక పద్ధతి ఉంది. బేరం కుదరక మనిషి కొట్టు దిగితే వెంటనే పిలవకూడదు. వెంటనే పిలిస్తే అంతసేపూ మనం చెప్పిందంతా అబద్ధమని తేలిపోతుంది. నాలుగో కొట్టు దాటనివ్వాలి. నిజంగా వెళ్లేవాడు కాకపోతే అక్కడికి నడక తగ్గుతుంది, తల కొంచెం పక్కకి తిరుగుతుంది. అప్పుడు పిలిస్తే రెండు వైపులా మర్యాద.

ఆ చేప సంగతి జరిగిన కొన్ని నెలలకి, ఒక పొద్దున్న ఆమె సంచీ సర్దుకుని వచ్చి నా ముందు నిలబడింది. "అక్క దగ్గరికి ఎల్తన్నాను. మరి రాను," అంది. నేను పేపరు చదువుతున్నాను. "సరే," అన్నాను. ఆమె మెట్లు దిగింది. నేను వరండాలోకి వచ్చి చూస్తూ నిలబడ్డాను. టైలరు కొట్టు దాటింది. పాల కేంద్రం దాటింది. జెరాక్సు కొట్టు దాటింది. గుడ్ల కొట్టు దగ్గరికి వచ్చేసరికి నేను గొంతు సవరించుకున్నాను. ఆమె నడక తగ్గలేదు. తల తిరగలేదు. షేర్ ఆటో వచ్చింది, ఎక్కేసింది.

మా పద్ధతిలో ఆటో గురించి ఏమీ లేదు.

మర్నాడు ఫోన్ చేశాను. "ఏటి కావాలి?" అంది. ఏం కావాలో చెప్పడం నాకు చేతకాదు. "గ్యాసు పుస్తకం ఎక్కడుంది?" అని అడిగాను. ఫ్రిజ్ మీద ఉందని చెప్పి పెట్టేసింది. నెల తిరిగాక వాళ్ల తమ్ముడు వచ్చి టీవీ పట్టుకెళ్లాడు, అది ఆమె సొమ్ముతో కొన్నది. ఆ ఇల్లు నాకు మరీ పెద్దదైపోయింది. ఖాళీ చేసి ఈ గదికి వచ్చాను.

స్పీకర్ల కోసం గాజువాక మెయిన్ రోడ్డు మీద ఒక కొట్టు ఎంచుకుని, పొద్దున్నే షట్టరు ఎత్తే వేళకి వెళ్లాను. అది బోణీ వేళ. మొదట వచ్చినవాడు ఖాళీ చేతులతో వెళ్తే రోజంతా అలాగే గడుస్తుందని ప్రతి కొట్టువాడికీ భయం. మా నాన్న బోణీకి నష్టానికి కూడా అమ్మేవాడు. ఆ భయాన్ని వాడుకోవడం కొట్టువాడి కొడుకు చేయదగిన పని కాదు. అయినా చేస్తాను.

కొట్టు అతనికి నలభై ఉంటాయి. సన్నటి మనిషి. మెడలో టైలరులాగా కొలత టేపు వేసుకుని, దేవుడి పటానికి అగరబత్తి తిప్పుతున్నాడు.

"రండి సార్. ఏటి సూపించమంటారు?"

"ఊరికే సూద్దామని."

అతను నవ్వాడు. ఆ మాట అర్థం అతనికీ తెలుసు. "రూము ఎంత సార్? ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

మొదటి ప్రశ్నకి నిజం నాలుక మీదకి వచ్చింది. రెండో ప్రశ్న వినగానే వెనక్కి వెళ్లిపోయింది.

"పద్నాలుగు ఇరవై హాలు," అన్నాను. "ఎంతమందంటే, నలుగురం. ఆదివారం సుట్టాలొస్తే ఏడెనిమిది మందిమి అవుతాం."

అరనిమిషంలో హాలు కట్టాను, ఇద్దరు పిల్లల్ని కన్నాను, ఆదివారం భోజనాలు పెట్టాను. చెబుతున్నంతసేపూ నా ముఖంలో ఏమీ కనపడి ఉండదు.

ఓ పక్క షెల్ఫులో నేను లెక్కవేసుకున్న సెట్టే ఉంది. రెండు చిన్న చెక్క పెట్టెలు, కింద చిన్న ఊఫర్. చూడగానే అదేనని తెలిసింది. అందుకని మూతి విరిచాను.

"ఇవేటి, బొమ్మలా?"

"బొమ్మలే సార్. రూముల్లో ఒంటిగా ఉండేవోళ్లు పట్టికెల్తారు. మీ హాలుకి సాలవు."

ఆ మాటతో ఆ షెల్ఫు వైపు వెళ్లే దారి మూసుకుపోయింది. నా నడుము ఎత్తున్న రెండు స్పీకర్లు, చిన్న బీరువా అంత ఊఫర్ ఉన్న మూలకి నన్ను తీసుకెళ్లాడు. పన్నెండంగుళాలట. పాట పెట్టాడు. నా చొక్కా కదిలింది. పద్దెనిమిది వేలన్నాడు.

నా పథకం ఇది. సగానికి అడుగుతాను. అతను కోప్పడతాడు. నేను అలుగుతాను. అతను బతిమాలుతాడు. అప్పుడు పోనీ ఆ బొమ్మలైనా ఇవ్వమంటాను.

"తొమ్మిది," అన్నాను.

అతను కోప్పడలేదు. తల గోక్కున్నాడు. అంకె అక్కడ కదలకుండా నిలబడింది. నేను అలవాటు కొద్దీ గుమ్మం వైపు చూశాను. నాతో పాటు అతనూ చూశాడు.

"మేడంగారు వచ్చారా సార్?"

"లేదు. ఇంట్లో ఉంది."

"సరే సార్. బోణీ. మొదట మీరే కాలు పెట్టారు. తొమ్మిదికే పట్టికెళ్లండి."

సగం ధరకి వచ్చినదాన్ని వదిలి రావడం నాకు చేతకాదు. అది నాకు అక్కర్లేని సరుకని తెలుస్తూనే ఉంది. కానీ మా నాన్న, మేనమామ, పెదనాన్న ముగ్గురూ వరసగా నిలబడి చూస్తున్నట్టుంది. డబ్బిచ్చాను. మనిషిని పంపి ఇంట్లో ఫిట్ చేయిస్తానన్నాడు, ఉచితమన్నాడు. ఉచితమన్నదాన్ని నేను కాదన్నది నా జన్మలో అదే మొదటిసారి. మనిషి వస్తే హాలు ఎక్కడుందని అడుగుతాడు.

ఆటోలో తెచ్చుకుని, మూడుసార్లు మేడ ఎక్కి దిగి, గదిలో చేర్చాను. మంచం గోడకి అంటించేస్తే గానీ అవి పట్టలేదు. నాకున్న ఒక్క కుర్చీని గది మధ్యలో వేసుకుని పాట పెట్టాను. గొంతు ఉంది గానీ కింద మోత లేదు. తొమ్మిది వేలు పోసి కొన్న ఊఫర్ నోరు మూసుకుని కూర్చుంది. పెంచాను. ఇంకా పెంచాను. అదే రోజు మధ్యాహ్నం కొట్టు అతనికి ఫోన్ చేసి బేసు రావట్లేదని తగువు పెట్టుకున్నాను.

"పెట్టిన సోటు బాగోలేదు సార్. మేడంగార్ని కుర్చీలో కూకోబెట్టి మీరు ఊఫర్‌ని కొంచెం కొంచెం జరపండి. బాగున్న కాడ ఆవిడే ఆపమంటారు."

"ఆమె వంటలో ఉంది."

"పిల్లలు?"

"ట్యూషన్‌కెల్లారు."

"అయితే ఒక పని సెయ్యండి. ఊఫర్‌నే కుర్చీలో కూకోబెట్టి, మీరు గోడ ఎంబడి పాకండి. బేసు ఎక్కడ బాగా ఇనపడితే ఆ సోట్లో పెట్టీడమే."

ఒంటరివాడికి కూడా ఒక పద్ధతి ఉందని తెలిసి సంతోషించాను. ఊఫర్‌ని కుర్చీలోకి ఎక్కించి, పాట పెట్టి, లుంగీ ఎగ్గట్టి, చేతులూ మోకాళ్ల మీద గోడ వెంబడి బయల్దేరాను. రెండు మూలలు దాటి మూడో మూలకి చేరేసరికి తలుపు తెరుచుకుంది. ఇంటావిడ.

"ఏటి బాబూ, ఏటి ఎతుకుతన్నావు?"

"బేసు అమ్మా."

"అది మా ఇంట్లో ఉంది నాయనా. అద్దాల బీరువాలో గళాసులన్నీ అదిరిపోతన్నాయి. పొయ్యి మీద మూకుడు దానంతటదే జరుగుతంది."

లేచి పాట ఆపాను. ఆవిడ గది లోపలికి రావడం అదే మొదటిసారి. కుర్చీలో కొలువున్న ఊఫర్‌ని చూసింది.

"సుట్టాన్ని కూకోబెట్టినట్టు కూకోబెట్టావు దీన్ని. రేపు మీ ఆవిడొస్తే ఆ మడిసి ఎక్కడ కూకుంటాది?"

"మార్చీస్తానమ్మా."

"మార్చీ. నాను ఒప్పుకోను. ఇంతకీ ఎప్పుడొస్తాది ఆవిడ?"

"వచ్చే నెల," అన్నాను.

నాలుగు రోజులు ఆ పెట్టెల మధ్య పక్కకి తిరిగి నడుస్తూ ఆలోచించాను. మార్చాలంటే కొట్టుకి వెళ్లాలి. వెళ్తే అతను మళ్లీ ఆ రెండు ప్రశ్నలే అడుగుతాడు. గది ఎంత, మనుషులు ఎందరు. షేర్ ఆటోలో గాజువాక వెళ్తూ దారంతా అబద్ధాలు వేసి చూసుకున్నాను. హాలు మధ్యలో గోడ కట్టించాం అనొచ్చు. పిల్లల చదువుకి అడ్డమొస్తోంది అనొచ్చు. ఏది చెప్పినా ఆ నలుగురికి సరిపోయే సెట్టే చూపిస్తాడు. లేని నలుగురి కోసం రెండోసారి కొనాల్సి వస్తుంది. నాకు సరిపడేది నాకు దొరకాలంటే నేను ఒక్కణ్ణేనని నోటితో చెప్పాలి. ఏడాదిన్నరగా చెప్పని మాట. నా తల్లి కడుపున పుట్టినవాళ్లకి కూడా చెప్పని మాట, టేపు మెడలో వేసుకున్న పరాయివాడికి చెప్పాలి. పాత గాజువాక దగ్గర దిగిపోయి, ఒక టీ తాగి, వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను కూడా. ఆటో అతను తర్వాతి స్టాపుకి కూడా కలిపి ముందే ఛార్జీ తీసుకున్నాడు కాబట్టి దిగలేదు.

కొట్లో బేరాలు లేని మధ్యాహ్నం వేళ. అతను ఒక్కడే ఉన్నాడు.

"ఏటయింది సార్?"

"మార్చాలి. రూముకి పెద్దదైంది."

"పద్నాలుగు ఇరవైకి అది పెద్దదేటి?"

"పది బై పది."

"హాలా?"

"హాలు లేదు. గది."

అతను వెక్కిరిస్తాడనుకున్నాను. అతనికి నా అబద్ధం మీద ఆసక్తి లేదు, గది మీద ఉంది. బిల్లు పుస్తకం తిరగేసి వెనక వైపు చదరం గీశాడు. "నాలుగు పక్కలా పదేనా? అయితే సదరం. సదరం గది మరీ సెడ్డది సార్. మధ్యలో బేసు ఉండదు, మూలల్లోకెళ్లి కుప్ప పడిపోతాది." పెన్ను చదరం మీద పెట్టి తలెత్తాడు. "సెప్పండి. మేడంగారు ఎక్కడ కూకుంటారు? పిల్లలెక్కడ?"

ఎన్ని వేల బేరాలు ఆడానో నాకే తెలియదు. ఏ బేరంలోనూ ఉన్న మాట ముందు చెప్పలేదు.

"ఒక్కణ్ణే ఉంటాను."

"అంటే ఇప్పుడా?"

"ఎప్పుడూ. మా ఆవిడ ఎల్లిపోయింది. ఏడాదిన్నరయింది. పిల్లలు లేరు. సుట్టాలు రారు."

అతను చదరంలో ఒక చుక్క పెట్టాడు. ఒక్కటే. గోడ దగ్గర రెండు చిన్న పెట్టెలు గీసి, వాటినుంచి చుక్కకి రెండు గీతలు లాగాడు. ఆ కాగితం మీద నేను ఎంత ఉన్నానో చూశాను. పెన్ను మొన అంత.

"ఒక్కరే అయితే సులువు బావా," అన్నాడు. అంతవరకూ నన్ను సార్ అన్నవాడు. "రెండు పెట్టెలకీ సరిగ్గా మధ్యన కూకున్నోడికే పాట సరిగ్గా ఇనపడతాది. నలుగురుంటే ముగ్గురికి నష్టం. ఆ సోటు ఒక్కడికే సరిపోద్ది."

షెల్ఫులోంచి ఆ చిన్న సెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని నేను బొమ్మలన్న సంగతి ఇద్దరం ఎత్తలేదు.

"ఇదీ తొమ్మిదే. దానికీ దీనికీ సెల్లు. నువ్వు ఏటీ ఇయ్యక్కర్లేదు."

అడగకుండానే బేరం తెగడం నాకు కొత్త. చెంప మీద కొట్టినట్టనిపించింది.

"నాలుగు రోజులు వాడిన సరుకు," అన్నాను. "వెయ్యి కొయ్యాలి నువ్వు."

"కొయ్యను."

"నాను కొట్టువోడి కొడుకుని. వాడిన సరుకు వెనక్కొస్తే ఎంత కొయ్యాలో నాకు తెల్సు."

"నాకు తెల్దేటి? కొయ్యను బావా, పట్టికెల్లు."

"జాలికి ఇస్తే నాకొద్దు."

"జాలేటి? ఆ పెద్దది రెండేళ్లుగా ఇక్కడే పడుంది. ఒక్కడు ముట్టుకోలేదు. దేవుడు పంపినట్టు నువ్వొచ్చి సగానికడిగావు, అంటగట్టీసాను. నాలుగు రోజులు హాయిగా పడుకున్నాను. ఇప్పుడది మళ్లీ నా నెత్తి మీదకొచ్చింది. నువ్వే నామీద జాలిపడాల."

"అయితే ఐదొందలు తీసుకో."

"నూరు ఇయ్యి."

"నాలుగొందలు."

"రెండొందలు. మళ్లీ మాటాడితే అదీ తీసుకోను."

ఎక్కువిస్తానని నేను, వద్దని అతను. గుమ్మంలో ఎవరైనా ఉండి వింటే ఇద్దరికీ మతి పోయిందనుకునేవాళ్లు. మూడొందలకి తెగింది. మూడు మీటర్ల వైరు ఉచితంగా ఇచ్చాడు, దానికి మాత్రం నేను ఏమీ అనలేదు.

అతని మనిషి ఆటోలో నాతో వచ్చి పెద్దవి దింపి పట్టుకెళ్లాక, గదిలో కొత్తవి అమర్చడానికి గంట పట్టింది. అతను గీసిన కాగితం చూసుకుంటూ, కుర్చీని చుక్క ఉన్నచోట వేశాను. ఊఫర్ కింద రబ్బరు షీటు ముక్క పరిచాను. మంచం మళ్లీ గోడ వదిలి తన చోటికి వచ్చింది. ఎదురుగా గోడ మీద నాకంటే ముందు ఉన్నవాళ్లు కొట్టిన మేకు ఒకటి ఉంది. దానికి నేను క్యాలెండరు కూడా తగిలించలేదు. ఒక పాత పాట పెట్టుకుని కూర్చుంటే, ఆవిడెవరో పాడుతున్న గొంతు ఎడమ పెట్టెలోంచీ రాలేదు, కుడి పెట్టెలోంచీ రాలేదు. సరిగ్గా ఆ మేకు దగ్గర నిలబడి పాడుతున్నట్టుంది. మనిషంత గొంతు. తల కాస్త జరిపితే ఆ మనిషి పక్కకి జరిగిపోతోంది. అందుకని కదలకుండా కూర్చున్నాను. ఎవరి ముందూ నేను అంత కదలకుండా కూర్చున్నట్టు గుర్తు లేదు.

ఏడింటికి ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది.

"సప్పుడే లేదు. ఇచ్చీసావేటి?"

"ఉందమ్మా. చిన్నది తెచ్చాను. కూర్చోండి."

ఉన్న ఒక్క కుర్చీ ఆవిడకిచ్చి నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. పాట మొదటినుంచి పెట్టాను. ఆవిడ ముందు నేలకేసి చూసింది, తన గ్లాసుల కోసం. తర్వాత గోడకేసి చూసింది. పవిట చెంగు ఒళ్లో మడిచి పెట్టుకుని విన్నది.

"ఎదురుగుండా ఉండి పాడినట్టుంది," అంది. "మీ ఆవిడికి పాటలంటే ఇష్టమేనా?"

చెప్పబోయి ఆగాను. ఇరవై రెండేళ్లు. టీవీలో పాటలు వచ్చేవి, ఆమె ఆ గదిలో ఉండేది. వింటోందో లేదో నేనెప్పుడూ చూడలేదు.

"తెల్దమ్మా."

"తెల్దేటి? వచ్చాక అడుగు మరి."

"రాదమ్మా," అన్నాను. "మీకు అబద్ధం సెప్పాను. నాను ఈ గదికి రాకముందే ఎల్లిపోయింది."

పాట ఇంకా నడుస్తోంది. ఆవిడ నా వైపు తిరగలేదు.

"ఫేమిలీకని ఇచ్చాను."

"అవునమ్మా."

అక్కడ మొదలుపెట్టాల్సింది నేను. ఒకటో తారీఖునే అద్దె ఇస్తాను, తాగను, ఎవరూ రారు, నీళ్లు వృథా చెయ్యను. ఆ సరుకంతా నాలుక మీదే ఉంది. ఒక్కటీ బయటికి తీయబుద్ధి కాలేదు.

"ఈ గది నాకు కావాలమ్మా," అన్నాను.

పాట అయ్యేదాకా ఆవిడ కూర్చుంది. తర్వాత కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచింది. గుమ్మం దాకా వచ్చి నా పక్కన ఒక్క క్షణం ఆగింది.

"ఉండు," అంది. "గానీ వచ్చే నెల, వచ్చే నెల అని మరి నాతో అనకు బాబూ. నాను కూడా ఆవిడ కోసం నెలనెలా ఎదురు సూత్తన్నాను."

మెల్లగా మెట్లు దిగి వెళ్లింది. కింద తలుపు వేసిన చప్పుడు వినిపించాక నేను వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ లేచినప్పుడు కుర్చీ కాస్త పక్కకి జరిగినట్టుంది. తర్వాతి పాట మొదలైంది గానీ గొంతు మేకు దగ్గర లేదు, ఎడమ వైపు పెట్టెలోకి వెళ్లిపోయింది. లేచి సరిచేసుకోవాలి. ఆ పాట అయ్యేదాకా అలాగే విన్నాను.